తిరగేసిన వాషర్లు

సోమవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మేస్త్రీ జడ్జిగారి కారు కింద పడుకుని క్రాంకు షాఫ్టు నడిమి బేరింగు క్యాపు విప్పాడు. దాని రెండు పక్కలా ఉండి, క్లచ్చు తొక్కినప్పుడు షాఫ్టు అటూ ఇటూ జరగకుండా ఆపే అర్ధచంద్రాకారపు త్రస్ట్ వాషర్లు రెండూ తిరగేసి ఉన్నాయి. ఆ ఇంజను బిగించింది మేస్త్రీయే. మూడు వారాల కిందట, ఇదే షెడ్డులో.

వాషరుకు ఒకవైపు ఇత్తడి ముఖం, దాని మీద నూనె పారడానికి రెండు గాడులు ఉంటాయి. రెండో వైపు ఉక్కు. ఇత్తడి తిరిగే షాఫ్టు వైపు ఉండాలి, ఉక్కు కదలని బ్లాకు వైపు ఉండాలి. మేస్త్రీ వెనక వాషరును గుడ్డతో తుడిచి చేతిదీపం దగ్గర పెట్టి చూశాడు. ఇత్తడి ముఖం పొట్లంలోంచి తీసినట్టే ఉంది. ఉక్కు వీపు సగానికి సగం అరిగి అద్దంలా మెరుస్తోంది. షాఫ్టు భుజం మీద, అంటే వాషరు ఆనే అంచు మీద, వేలు పెడితే గీతలు గోటికి తగిలాయి.

ఎలా జరిగిందో ఆయనకు వెంటనే తెలిసింది. వాషరు జారిపోకుండా ఉండాలని గ్రీజు పూస్తారు. గాడులున్న వైపు గ్రీజు బాగా పడుతుంది. ఆ రోజు గాడుల వైపు గ్రీజు పూసి బ్లాకుకు ఆనించగానే వాషరు అతుక్కుని నిలిచింది. ఒక్కసారికే నిలిచిందని సంతోషించాడు కూడా. తర్వాత ఫీలర్ గేజి పెట్టి సందు కొలిచాడు. సరిపోయింది. వాషరు ఎటు తిప్పినా మందం అంతే కాబట్టి సరిపోక చస్తుందా?

షెడ్డు అవతలి సగంలో కార్లకు రంగులేసే పెయింటరు, దొంగ దొరికాడా అని కేకేసి అడిగాడు. కారును ఆపేసిన లోపానికి శనివారం నుంచీ వాళ్ళు పెట్టుకున్న పేరు అది. వాషర్లు అరిగాయి అన్నాడు మేస్త్రీ. అందులో అబద్ధం లేదు. వాషర్లు రెంటినీ వేస్టు కాటన్‌లో చుట్టి తుక్కు డ్రమ్ములో వేశాడు. లేచి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ వచ్చి పడుకోబోయి, ఇంకోసారి వెళ్ళి కడుక్కున్నాడు.

శనివారం మధ్యాహ్నం ఆ కారు నాలుగు రోడ్ల కూడలిలో ఆగిపోయింది. డెబ్బై ఏళ్ళ నాటి కారు, జడ్జిగారి నాన్న కొన్నది. ఇంజనూ గేరుబాక్సూ విప్పి, ప్రతి ముక్కా కడిగి, మళ్ళీ కూర్చి ఇచ్చి నిండా నెల కాలేదు. క్లచ్చు తొక్కితే చాలు, ఇంజను గొంతు నొక్కినట్టు మూలిగి ఆగుతోంది. జడ్జిగారి భార్య దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, నలుగురితోపాటు తానూ తోసింది. అలా షెడ్డు దాకా తోసుకొచ్చిన కారు ముందు నిలబడి, రిటైరై పదేళ్ళయిన జడ్జిగారు విచారణ మొదలుపెట్టారు. ఎవరి పనిలో లోపం అని అడిగారు.

షెడ్డు మేస్త్రీదే. అందులో ఇంజన్లు మేస్త్రీ చూస్తాడు. గేరుబాక్సులూ క్లచ్చులూ ఆయన బావ చూస్తాడు. బావంటే పెద్దక్క మొగుడు. మేస్త్రీ చేతికి మొదటిసారి స్పానరు ఇచ్చింది కూడా ఆయనే. అరవై మూడేళ్ళు. వీధిలో అందరికీ ఆయన గేరుబావ. పెయింటరుకూ బావే, టీకొట్టు ముసలాయనకూ బావే, ఆ ముసలాయన భార్యకూ బావే.

శనివారం మేస్త్రీ అన్నది ఒక్క మాట. "క్లచ్చు తొక్కితేనే ఆగుతోందండీ." అని, బావ వైపు చూశాడు. చూడడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. అందరూ బావ వైపు చూశారు. క్లచ్చు సెట్ చేసింది తానేనని బావ ఒప్పుకున్నాడు. ఆ గేరుబాక్సు ఇంకెవరికైనా చూపిస్తే మంచిదని, వయసు ఎవర్నీ వదిలిపెట్టదని జడ్జిగారు మర్యాదగానే అన్నారు. బావ కిరసనాయిలు గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుని, చొక్కా మార్చుకుని, ఒంటిగంటన్నరకు ఇంటికి వెళ్ళిపోయాడు. ఆయన భోజనం క్యారేజీ బల్ల మీద ఉండిపోయింది.

సోమవారం మధ్యాహ్నం మేస్త్రీ ఇంజను దింపి, షాఫ్టు ఊడదీసి, భుజాన వేసుకుని మూడు షాపుల అవతల, షాఫ్టులు సానబట్టే గ్రైండింగు షాపుకు తీసుకెళ్ళాడు. గ్రైండింగు ఆయన నోరు మిషను ఆగినప్పుడు కూడా ఆగదు. షాఫ్టును వీ ఆకారపు ఇనుప దిమ్మల మీద పెట్టి దాని భుజాన్ని బొటనవేలు గోరుతో గీకి చూశాడు.

"ఇదేంటి, ఇనుము ఇనుమును గీకింది. వాషరు గానీ తిరగేశావా ఏంటి?" అని నవ్వాడు. ఇరవై ఏళ్ళుగా ఇంజన్లు కడుతున్న మనిషిని అలా అడగడం జోకే.

మేస్త్రీ కూడా నవ్వాడు. క్లచ్చు పెడలుకు ఆట, అంటే కాస్త వదులు, లేకుండా బిగించేశారని, షాఫ్టు మీద ఎప్పుడూ బరువు పడి వాషరు అరిగిపోయిందని చెప్పాడు.

"ఎవరు బిగించింది?"

"బావ."

గ్రైండింగు ఆయన నవ్వు ఆపేశాడు. పాపం, చేతులు పోయాయన్నమాట అన్నాడు. తన మామగారికీ ఇలాగే ముందు చూపు తగ్గి, తర్వాత పట్టు తగ్గి, ఆఖరికి చొక్కా గుండీలు కూడా అత్తగారే పెట్టాల్సి వచ్చిందని చెప్పాడు. ఈ మాట తన కడుపులోనే ఉంటుందని హామీ ఇచ్చాడు. ఆయన అలా అన్నాడంటే మైకు పట్టుకుని చెప్పినంత లెక్క.

మంగళవారం పదింటికి టీకొట్టు ముసలాయన మేస్త్రీకి గ్లాసు అందిస్తూ, బావకి కళ్ళ డాక్టరును చూపించారా అని అడిగాడు. పన్నెండింటికి స్పేరుపార్టుల షాపు గుమాస్తా అదే అడిగాడు. పెయింటరు మాత్రం ఏమీ అడగలేదు. బావ పని చేసుకునే బల్ల మీద దుమ్ము తుడిచి, పానాలు వరసగా సర్ది, పైన గుడ్డ కప్పాడు. మనిషి పోయిన ఇంట్లో మంచం సర్దినట్టు ఉంది అది. మేస్త్రీ ఆ బల్ల వైపు వీపు పెట్టి పనిచేశాడు.

సాయంత్రం ఐదుకు అక్క ఫోను చేసింది. ఒకసారి వచ్చి వెళ్ళమంది. మేస్త్రీ వెళ్ళేసరికి బావ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు స్టీలు పళ్ళెం, అందులో నీడిల్ బేరింగు సూదులు. గేరుబాక్సులో అడుగున ఉండే షాఫ్టు చుట్టూ అవి ఇరవై రెండు ఉంటాయి. అగ్గిపుల్ల మందం, వేలి కణుపంత పొడుగు. గ్రీజులో ఒక్కొక్కటే నిలబెట్టి లోపల చుట్టూ పేర్చాలి. ఒక్కటి తగ్గినా మిగతావి పక్కకు వాలతాయి. ఎక్కడిదో పాత గేరు తెచ్చుకుని బావ పేరుస్తున్నాడు.

"మీ బావకి తిండి సయించడం లేదురా. మూడు రోజుల నుంచీ ఆ సూదులే నంజుకుంటున్నాడు" అంది అక్క. నవ్వించడానికే అంది. ఎవరూ నవ్వలేదు.

బావ పేర్చడం పూర్తిచేసి గేరు బావమరిది వైపు తోశాడు. "లెక్కపెట్టరా."

మేస్త్రీ లెక్కపెట్టాడు. ఇరవై రెండు. చెప్పాడు.

"ఇంకోసారి."

ఇంకోసారి లెక్కపెట్టాడు. ఇరవై రెండే. బావ తల ఊపాడు గానీ నమ్మినట్టు లేదు. జడ్జిగారి గేరుబాక్సు విప్పావా అని అడిగాడు. లేదన్నాడు మేస్త్రీ. విప్పి చూడమని, అందులో ఇరవై ఒకటే ఉండి ఉంటాయని, ఆ రోజు లెక్కపెట్టిన గుర్తే గానీ సరిగ్గా లెక్కపెట్టిన నమ్మకం లేదని బావ అన్నాడు. క్లచ్చు పెడలుకు బొటనవేలు మందం ఆట ఇచ్చిన గుర్తు కూడా ఉందట. కానీ గుర్తుంది కదా అని జరిగినట్టు కాదు కదా అన్నాడు. అంటూ ఎడమచెయ్యి బల్ల మీద బోర్లా పెట్టాడు. బొటనవేలు కొద్దిగా కదులుతోంది. శుక్రవారం దాకా అది కదిలేది కాదు. బావ ఆ వేలిని రెండో చేత్తో కప్పుకున్నాడు.

వచ్చే సోమవారం నుంచి ఆసుపత్రి పార్కింగులో చీటీలు చింపే పనికి ఒప్పుకున్నానని చెప్పాడు. కూర్చుని చేసే పనే. నీడ కూడా ఉంది. పానాలు ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాడు. మేస్త్రీ, తొందరెందుకు బావా అని మాత్రం అన్నాడు. గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చిన అక్క, నువ్వైనా ఆయనకి నచ్చజెప్పు, నీ మాట వింటాడు అంది.

బుధవారం ఉదయం మేస్త్రీ షెడ్డు తెరవగానే తుక్కు డ్రమ్ము దగ్గరకు వెళ్ళాడు. ఖాళీగా ఉంది. తుక్కు బండి మంగళవారం వచ్చి వెళ్ళిందని పెయింటరు చెప్పాడు. మేస్త్రీ రెండు కిలోమీటర్ల అవతల ఉన్న తుక్కు యార్డుకు వెళ్ళాడు. యార్డు యజమాని ఒక కుప్ప చూపించి, కూర్చోడానికి స్టూలు ఇచ్చాడు. ఏం పోయిందని అడిగాడు. రెండు వాషర్లు అన్నాడు మేస్త్రీ. యజమాని ఆ కుప్ప వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసి, బంగారానివా అని అడిగాడు. గంటన్నర వెతికితే వేర్వేరు బండ్ల వాషర్లు పదకొండు దొరికాయి. ఆ రెండూ దొరకలేదు.

అక్కడి నుంచి గ్రైండింగు షాపుకు వెళ్ళాడు. షాఫ్టు భుజం మీది గీతలు ఇంకో మనిషికి చూపించాలి, మిషను మీద పెట్టొద్దు అని చెప్పాలనుకున్నాడు. గ్రైండింగు ఆయన షాఫ్టును నూనె కాగితంలో చుట్టి సిద్ధంగా ఉంచాడు. భుజం నున్నగా ఉంది. గీతలు తియ్యడానికేగా తెచ్చావు అన్నాడు. నీ పని అర్జెంటని మిగతావన్నీ పక్కన పెట్టి చేశానన్నాడు.

గురువారం పదింటికి మేస్త్రీ జడ్జిగారి ఇంటికి వెళ్ళాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. జడ్జిగారు ముందుగదిలో పేపరు చదువుతున్నారు. కూర్చోమన్నా కూర్చోకుండా మొత్తం చెప్పాడు. గ్రీజు సంగతి, గాడుల సంగతి, సోమవారం విప్పిన సంగతి. తప్పు తనదని, బావది కాదని చెప్పాడు. జడ్జిగారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఆ వాషర్లు ఏవి?"

"పారేశానండీ."

"షాఫ్టు మీద గీతలున్నాయన్నావు."

"గ్రైండింగులో పోయాయండీ."

"నువ్వు విప్పినప్పుడు పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరండీ."

జడ్జిగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కోపంగా లేరు. "చూడు మేస్త్రీ, ముప్ఫై ఏళ్ళు కోర్టు కుర్చీలో కూర్చుని తమ్ముళ్ళ ఒప్పుకోళ్ళు విన్నాను. అన్న కోసం కొందరు, బావ కోసం కొందరు. అందరూ ఉతికిన చొక్కా వేసుకునే వచ్చేవాళ్ళు. అక్క పంపిందా?"

ఎవరూ పంపలేదని మేస్త్రీ చెప్పాడు. వాళ్ళందరూ అదే అనేవాళ్ళని జడ్జిగారు అన్నారు. ఇలాంటి మనసున్న మనిషి ఈ రోజుల్లో దొరకడని భార్యను పిలిచి చెప్పారు. ఆమె టీ తెచ్చింది. జడ్జిగారు, తన స్నేహితుడి దగ్గర ఇలాంటి పాతకార్లు రెండున్నాయని, ఆ పని కూడా ఇప్పిస్తానని అన్నారు. గేరుబాక్సు మాత్రం ఇంకెవరికైనా ఇమ్మన్నారు. మేస్త్రీ ఇంకోసారి మొదటి నుంచి చెప్పబోయాడు. జడ్జిగారు లేచి ఆయన భుజం తట్టి గేటు దాకా వచ్చారు. వీధిలోకి వచ్చాక చూసుకుంటే టీ కప్పు చేతిలోనే ఉంది. వెనక్కి వెళ్ళి గేటు గోడ మీద పెట్టాడు.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాడు. ఈసారి బల్ల మీద సూదులు లేవు. ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఖాకీ చొక్కా ఉంది. అక్క దాని చేతులు కురచ చేస్తోంది. మేస్త్రీ నిలబడే చెప్పాడు. అక్క సూది ఆపి విన్నది. బావ ఖాకీ చొక్కా వైపు చూస్తూ విన్నాడు.

"గీతలు ఏ భుజం మీద?" అని అడిగాడు అంతా అయ్యాక.

"వెనకది."

"క్లచ్చుకి ఆట లేకపోయినా వెనకదే అరుగుతుంది."

"అవును."

"వాషర్లు లేవు. గీతలు లేవు. మరి నువ్వు నిజం చెప్తున్నావో, నన్ను ఓదారుస్తున్నావో నాకెలా తెలియాలిరా?"

బావ లేచి గది ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు నడిచాడు. గేరుబాక్సు ముందు పెట్టుకుని ఆలోచించేటప్పుడు కూడా షెడ్డులో అలాగే నడుస్తాడు. కిటికీ దగ్గర ఆగాడు.

"ఇంజను అడుగు సంపులోంచి దించిన నూనె ఏం చేశావు?"

డబ్బాలో పోసి బల్ల కింద పెట్టానని, పెయింటరు ఇనుప గేటుకు పూయడానికి కొంచెం తీసుకున్నాడని, మిగతాది ఉందని మేస్త్రీ చెప్పాడు.

"వాషరు సరిగ్గా ఉండి, నా క్లచ్చు వల్ల అరిగితే ముందు పోయేది ఇత్తడి. నూనె నిండా పసుపు రజను ఉండాలి. తిరగేసి ఉంటే ఉక్కే అరుగుతుంది. అయస్కాంతం పెడితే లేచి వస్తుంది, పసుపు ఉండదు." వేళ్ళ మీద లెక్కపెట్టినట్టు చెప్పాడు. ఆ మాటలంటున్నంత సేపూ ఆయన ఎడమచెయ్యి గాల్లోనే ఉంది. బొటనవేలు కదలలేదు.

ఇప్పుడే వెళ్ళి చూద్దామన్నాడు మేస్త్రీ. బావ వద్దన్నాడు.

"నాకొక్కడికి తెలిస్తే చాలదు. ఆ మాట ఎంతమందికి చేరిందో అంతమందినీ రేపు పొద్దున పిలువు."

శుక్రవారం తొమ్మిదింటికి షెడ్డులో ఆరుగురున్నారు. గ్రైండింగు ఆయన మిషను ఆపి వచ్చాడు. టీకొట్టు ముసలాయన గ్లాసుల బుట్టతో వచ్చాడు. స్పేరుపార్టుల గుమాస్తా రాలేదు. జడ్జిగారు వస్తారని మేస్త్రీ అనుకోలేదు గానీ, సాక్ష్యం ఉందని ఫోనులో చెప్పగానే ఆటో ఎక్కి వచ్చారు. పెయింటరు ఆయనకు కుర్చీ వేశాడు.

బావ తెల్లగుడ్డ ఒకటి తెచ్చాడు. పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, నూనె డబ్బాలో దించి, అడుగంతా మెల్లగా తిప్పాడు. పైకి తీసేసరికి సంచి మీద నల్లటి రజను ఎలుక తోకలా వేలాడుతోంది. దాన్ని కిరసనాయిల్లో కడిగి గుడ్డ మీద పరిచాడు. ఉక్కు. రెండోసారి తిప్పాడు, మూడోసారి తిప్పాడు. ఇంక రావడం ఆగిపోయాక మిగిలిన నూనెను గుడ్డలో వడకట్టి, గుడ్డను ఎండలోకి తీసుకెళ్ళి అందరికీ చూపించాడు. పసుపు రంగు చుక్క కూడా లేదు.

గ్రైండింగు ఆయన గుడ్డను ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు. "వాషరు తిరగేశావా అని నేను అడిగాను కదయ్యా ఆ రోజు" అన్నాడు మేస్త్రీతో. అడిగావు అన్నాడు మేస్త్రీ. జడ్జిగారు కుర్చీలోంచి లేచి, ఇది సాక్ష్యం అన్నారు. బావ దగ్గరకు వెళ్ళి తొందరపడ్డానని, మన్నించమని అన్నారు. మన్నించేంత మాటలెందుకండీ అన్నాడు బావ. ముసలాయన అందరికీ టీ పోశాడు.

వాళ్ళంతా వెళ్ళాక బావ తన బల్ల మీద కప్పిన గుడ్డ తీసి మడతపెట్టాడు. పానాలు లెక్క చూసుకున్నాడు.

"విప్పింది ఎప్పుడు?" అని అడిగాడు, అటు తిరిగే ఉండి.

"సోమవారం. పదకొండు దాటాక."

"మంగళవారం ఇంటికొచ్చావు."

"వచ్చాను బావా."

"సూదులు లెక్కపెట్టావు. రెండుసార్లు."

బావ జవాబు కోసం ఆగలేదు. పదమూడో నంబరు పానా ఎక్కడా అని పెయింటరును అడిగాడు. పెయింటరు తెచ్చి ఇచ్చాడు.

శనివారం ఇద్దరూ కలిసి ఇంజను కట్టారు. మేస్త్రీ కొత్త వాషర్లు తీసి, బిగించే ముందు, ఇత్తడి ముఖం ఎటుందో చూడమని బావకు చూపించాడు. అది నీ పని, నువ్వే చూసుకో అన్నాడు బావ. మాట విసురుగా లేదు. గేరుబాక్సును బావ విప్పలేదు. మొదట ఎలా బిగించాడో అలాగే ఎక్కించాడు. క్లచ్చు పెడలుకు బొటనవేలు మందం ఆట ఇచ్చి, గేజి పెట్టి కొలిచి, ఆ కొలత గోడ మీద సుద్దతో రాశాడు. నాలుగింటికి కారు స్టార్టయింది. బావ నడిపాడు, మేస్త్రీ పక్కన కూర్చున్నాడు. అరగంటలో నాలుగు రోడ్ల కూడలి మూడుసార్లు దాటారు. ఇంజను ఒక్కసారి కూడా మూలగలేదు. దారిలో వాళ్ళు మాట్లాడుకున్నది గేర్ల గురించే.

తిరిగి వచ్చాక బావ పానాలన్నీ గోనెసంచిలో వేసుకున్నాడు. గ్రైండింగు షాపు ముందు వరండా ఖాళీగా ఉందని, ఆయనతో మాట్లాడానని చెప్పాడు. ఆసుపత్రికి వెళ్ళి ఖాకీ చొక్కా ఇచ్చేశానని కూడా చెప్పాడు. సంచి మోస్తానని మేస్త్రీ చెయ్యి చాపాడు. మూడు షాపులే కదా అన్నాడు బావ, సంచి భుజానికెత్తుకుని.

ఆదివారం మేస్త్రీ అక్క ఇంటికి వెళ్ళాడు. బావ ఇంట్లో లేడు. ఇంటికి రావడం మానెయ్యకు, షెడ్డు సంగతి మాత్రం నన్నడక్కు అంది అక్క. భోజనం పెట్టింది. తినేదాకా ఎదురుగా కూర్చుంది.

సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు బావ గ్రైండింగు షాపు వరండాలో బల్ల వేసుకుని పని మొదలుపెట్టాడు. పదింటికి మేస్త్రీ షెడ్డుకు ఒక వ్యాను వచ్చింది. మూడో గేరు పడడం లేదు. మేస్త్రీ గేరుబాక్సు దింపి, పెయింటరు చేత తోపుడు బండి మీద పంపించాడు. బావ దాన్ని చూసి, ముందు వచ్చినవి రెండున్నాయని చెప్పి, వాటి పక్కన పెట్టించాడు. గురువారం వచ్చి తీసుకెళ్ళమన్నాడు.